గేమింగ్ మానిటర్: 24 ఇంచ్ 1080పీనా, 27 ఇంచ్ 1440పీనా, ఏకంగా 32 ఇంచ్ 4కేనా?

రాత్రిపూట_ఆట

కొత్త మానిటర్ కోసం చాలా రోజులుగా వెతుకుతున్నా. చూసిన కొద్దీ గందరగోళం పెరుగుతోంది తప్ప తగ్గట్లేదు. ఇక మీరే తేల్చండి.

ఇప్పుడున్నది పాత 22 ఇంచ్, 1080పీ (పై నుంచి కింద దాకా 1080 పిక్సెల్ వరుసలు), 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు తెర మారుతుంది). కంప్యూటర్‌లో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు (8 జీబీ), రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఉన్నాయి. రాత్రి ఫ్రెండ్స్‌తో వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2. ఒక్కడినే ఉంటే సైబర్‌పంక్, రెడ్ డెడ్ 2, ఎల్డెన్ రింగ్ లాంటివి తీరిగ్గా ఆడతా. ఇంకో సంగతి, పగలంతా ఇదే స్క్రీన్ మీద కోడ్ రాసుకునే పని, అంటే అక్షరాలు కూడా బాగా కనిపించాలి.

బల్ల లోతు 60 సెంటీమీటర్లే, వెనక గోడ, ఇంకా వెనక్కి జరిపే వీలు లేదు.

నా ముందు ఉన్నవి ఇవీ: 24 ఇంచ్ 1080పీ 240 హెర్ట్జ్, 27 ఇంచ్ 1080పీ 165 హెర్ట్జ్, 27 ఇంచ్ 1440పీ 180 హెర్ట్జ్. మా ఫ్రెండ్ ఒకడు మాత్రం 32 ఇంచ్ 4కే తీసుకోరా, మళ్లీ పదేళ్ల దాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు అంటున్నాడు. నా కార్డు 4కే లాగుతుందా? అసలు 27లో 1080పీ తీసుకుంటే నిజంగానే అంత ఘోరంగా ఉంటుందా, లేక జనం ఊరికే భయపెడుతున్నారా?

---

పిక్సెల్_లెక్క

ముందు ఒక పని చెయ్యి బ్రో. కుర్చీలో ఆట మధ్యలో ఎలా కూర్చుంటావో అలాగే కూర్చుని, కంటి దగ్గర నుంచి స్క్రీన్ దాకా టేపుతో కొలిపించు. నిటారుగా, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చోకు, అలా ఎవరూ ఆడరు. 60 సెంటీమీటర్ల బల్ల అంటే, స్టాండ్ కాలు గోడ పక్క నుంచి కొంత తినేస్తుంది కాబట్టి, నువ్వు వెనక్కి వాలినా కంటికీ తెరకీ మధ్య 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. 65 అనుకుందాం.

మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడాని పట్టగలదు. కళ్ల డాక్టర్ దగ్గర 6/6 అంటారే, ఆ కొలత వెనక ఉన్న లెక్క ఇదే. 65 సెంటీమీటర్ల దూరంలో ఆ అరవయ్యో వంతు అంటే దాదాపు 0.19 మిల్లీమీటర్. ఒక పిక్సెల్ వెడల్పు అంతకంటే ఎంత ఎక్కువుంటే, మెట్లు మెట్లుగా ఉండే అంచులు అంత తేలిగ్గా కంటపడతాయి.

ఇప్పుడు నీ లిస్టు చూడు. 24 ఇంచ్ 1080పీలో పిక్సెల్ 0.277 మిల్లీమీటర్. 27 ఇంచ్ 1080పీలో 0.311. 27 ఇంచ్ 1440పీలో 0.233. 32 ఇంచ్ 4కేలో 0.184. పీపీఐలో (ఒక ఇంచ్‌లో ఎన్ని పిక్సెళ్లు) చెప్పాలంటే వరుసగా 92, 82, 109, 138.

27లో 1080పీ గురించి జనం ఊరికే భయపెట్టట్లేదు. ఆటలో కదలిక ఉన్నంతసేపు సర్దుకుపోవచ్చేమో గానీ పగలు కోడ్ రాసేటప్పుడు అక్షరాల అంచులు గరుగ్గా కనిపిస్తూనే ఉంటాయి. మూడు అడుగులు దాటి దూరంగా కూర్చునే వాళ్లకైతే పర్లేదు, నీకు ఆ చోటు లేదు. దాన్ని లిస్టులోంచి కొట్టెయ్.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 32 ఇంచ్ 1440పీకీ, 24 ఇంచ్ 1080పీకీ పిక్సెల్ సైజు అచ్చంగా ఒకటే. సైజూ 4/3 రెట్లు పెరిగింది, పిక్సెల్ వరుసలూ 4/3 రెట్లు పెరిగాయి, లెక్క అక్కడికక్కడే సరిపోయింది. 1440పీ కదా అని 32 తీసుకుని, స్పష్టత ఏమీ పెరగలేదేంటి అని తల పట్టుకునే వాళ్లు ఎక్కువ. నువ్వు అడగలేదు గానీ, రేపు ఆఫర్‌లో అది కనిపిస్తే మనసు అటు పోతుంది, అందుకే ముందే చెప్తున్నా.

ఇక కార్డు సంగతి. 1080పీ అంటే తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీకి 36.9 లక్షలు. 4కేకి 82.9 లక్షలు. అంటే 1080పీ నుంచి 1440పీకి వెళ్తే బరువు 1.78 రెట్లు, 4కేకి వెళ్తే ఏకంగా 4 రెట్లు. ఫ్రేములు (సెకనుకి కార్డు గీసే బొమ్మలు) అదే లెక్కలో పడిపోతాయని కాదు, ఎందుకంటే కొన్ని ఆటల్లో కార్డు కంటే ముందు ప్రాసెసరే చేతులెత్తేస్తుంది. కానీ సైబర్‌పంక్ లాంటి బరువైన ఆటల్లో దాదాపు ఆ లెక్కకి దగ్గరగానే ఉంటుంది.

4060కి 1440పీ సౌకర్యంగానే ఉంటుంది, సెట్టింగ్స్ అన్నీ అల్ట్రాలో పెట్టాలన్న పంతం లేకపోతే. నా ఓటు 27 ఇంచ్ 1440పీకే.

---

హెడ్‌షాట్_ఒక్కటే

పై లెక్కంతా బాగానే ఉంది, కానీ రోజూ రాత్రి ఆడేది వాలరంట్, సీఎస్ అని ఆయనే చెప్పాడు కదా. వాటికి 24 ఇంచ్ 1080పీ 240 హెర్ట్జ్ తప్ప వేరేది ఎందుకు?

టోర్నమెంట్లు చూడండి. ఏళ్ల తరబడి స్టేజీ మీద 24, 24.5 ఇంచ్ మానిటర్లే. డబ్బుల్లేక కాదు కదా. తెర మొత్తం ఒక్క చూపులో పడాలి. మినీమ్యాప్ మూల నుంచి క్రాస్‌హెయిర్ దాకా కన్ను తక్కువ తిరగాలి. సీఎస్ ప్రో ప్లేయర్లలో చాలామంది ఇప్పటికీ 1280 బై 960 పెట్టి అడ్డంగా సాగదీసి ఆడతారు, అందం ఎవడికి కావాలి అక్కడ.

60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది. 144లో 6.9. 240లో 4.2. పాత మానిటర్ నుంచి దీనికి మారగానే మౌస్ చేతికి అతుక్కున్నట్టు ఉంటుంది, నమ్మండి. 5600 ప్రాసెసర్‌తో వాలరంట్‌లో 240 దాటించడం పెద్ద కష్టం కాదు. సీఎస్ 2లో స్మోక్ గ్రెనేడ్ పొగ పడ్డప్పుడు కిందకి జారుతుంది, అది వేరే సంగతి.

---

పిక్సెల్_లెక్క

@హెడ్‌షాట్_ఒక్కటే మీరు చెప్పిన అంకెల్లోనే ఇంకో విషయం ఉంది. 60 నుంచి 144కి వెళ్తే ఫ్రేముకి దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతాయి. 180 నుంచి 240కి వెళ్తే మిగిలేది 1.4 మిల్లీసెకన్లు. ఆయన వస్తున్నది 60 నుంచి. 180 అయినా 240 అయినా మొదటి రోజు కలిగే ఆశ్చర్యం ఒకటే. టోర్నమెంట్లు ఆడే ఆలోచన ఉంటే మీ మాటే కరెక్ట్, ఆ 1.4 కూడా వదులుకోకూడదు. రాత్రి ఫ్రెండ్స్‌తో సరదాకి ఆడే మనిషి, పగలు ఎనిమిది గంటలు అక్షరాలు చూసే మనిషి, ఆ 1.4 మిల్లీసెకన్ల కోసం రోజంతా చిన్న తెర మీద సర్దుకోవడం నాకు న్యాయంగా అనిపించట్లేదు.

ఇంకోటి, వాలరంట్, సీఎస్ రెండూ ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటలు. 1440పీ పెట్టగానే ఫ్రేములు సగమైపోతాయని అనుకోవద్దు.

---

నిదానంగా_ఆడతా

నేను కథ ఉన్న ఆటలే ఆడతా, గుర్రం మీద గంటలు గంటలు తిరిగే రకం. కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు.

రెడ్ డెడ్ 2ని 1080పీలో ఆడి ఉంటే మీకు ఈపాటికే అనుభవమై ఉంటుంది, దూరంగా ఉన్న చెట్లు, గడ్డి, హీరో ఆర్థర్ జుట్టు, అంతా ఎవరో తెర మీద తడిగుడ్డతో తుడిచినట్టు మసకగా ఉంటుంది. మీ కార్డు తప్పు కాదు. ఆ ఆటలో అంచులు నునుపు చేసే టీఏఏ అనే పద్ధతి పాత ఫ్రేముల్ని కొత్త వాటితో కలుపుతుంది, పిక్సెళ్లు తక్కువున్నప్పుడు ఆ కలపడంలో సన్నటి వివరాలన్నీ కొట్టుకుపోతాయి. ఈమధ్య వచ్చే పెద్ద ఆటలు చాలావరకు ఇదే దారిలో ఉన్నాయి, కొన్నింట్లో టీఏఏని ఆపే ఆప్షన్ కూడా ఉండదు. 1440పీకి మారితే అదే ఆట వేరే ఆటలా కనిపిస్తుంది.

డీఎల్ఎస్ఎస్ కూడా లెక్కలోకి తీసుకోండి. క్వాలిటీ మోడ్‌లో అది తెర రిజల్యూషన్‌లో మూడింట రెండు వంతుల్లో ఆటని గీసి తర్వాత పెంచుతుంది. అంటే 1440పీ మానిటర్ మీద లోపల నడిచేది 960పీ. 1080పీ మానిటర్ మీద అదే మోడ్ పెడితే లోపల 720పీ. దానికి చేతిలో ఉన్న సమాచారమే అంత తక్కువైతే ఏం పెంచుతుంది పాపం. అందుకే డీఎల్ఎస్ఎస్ 1080పీలో బాగోదనీ, 1440పీ నుంచి బాగుంటుందనీ అంటుంటారు. మీ 4060ని 1440పీలో నిలబెట్టేది ఇదే.

ఫ్రేమ్ జనరేషన్ కూడా మీ కార్డులో ఉంది, కానీ దాని మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. అది మధ్యలో ఫ్రేములు పుట్టించి అంకె పెద్దగా చూపిస్తుంది తప్ప మీ క్లిక్‌కి ఆట స్పందించే వేగం పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. ముందే 60 చుట్టుపక్కల వస్తున్న చోట వాడితే బాగుంటుంది. 30 వస్తున్న ఆటని బతికించడానికి వాడితే చిరాకే.

ఎల్డెన్ రింగ్ విషయంలో మాత్రం హెర్ట్జ్ గురించి తలబద్దలు కొట్టుకోకండి, ఆ ఆట 60 ఫ్రేములు దాటదు. లాక్ చేసి పెట్టారు మహానుభావులు.

---

పెద్దతెర_పిచ్చి

మీ ఫ్రెండ్ మాటని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఆయన తరఫున నేను వాదిస్తా.

పైన చెప్పిన లెక్క ప్రకారమే చూసినా 65 సెంటీమీటర్ల దూరంలో పిక్సెల్ కనపడనిది ఒక్క 32 ఇంచ్ 4కేలోనే. అక్షరాలు అచ్చు పుస్తకంలా ఉంటాయి. ఇక కార్డు 4కే లాగలేదు అంటారా, 4కేలో డీఎల్ఎస్ఎస్ పెర్ఫార్మెన్స్ మోడ్ పెడితే లోపల నడిచేది 1080పీయే కదా. క్వాలిటీ పెడితే 1440పీ. ఎలా చూసినా 1440పీ మానిటర్ మీద వచ్చే బొమ్మ కంటే బాగుంటుంది. పైగా షూటింగ్ ఆటలకి 1080పీ పెట్టుకుంటే 4కేలో సరిగ్గా నాలుగు పిక్సెళ్లకి ఒక పిక్సెల్ కూర్చుంటుంది, డ్రైవర్‌లో ఇంటీజర్ స్కేలింగ్ ఆన్ చేస్తే మసక ఉండదు. 1440పీ తెర మీద 1080పీ పెడితే ఈ సుఖం లేదు.

మానిటర్ కార్డులా రెండేళ్లకోసారి మార్చేది కాదు. రేపు మంచి కార్డు వచ్చాక తెర ఎలాగూ సిద్ధంగా ఉంటుంది.

---

నిదానంగా_ఆడతా

@పెద్దతెర_పిచ్చి వాదన బాగుంది, కానీ ఒక చోట తేడా కొడుతోంది. డీఎల్ఎస్ఎస్ పెర్ఫార్మెన్స్‌లో లోపల 1080పీ అయినంత మాత్రాన ఖర్చు 1080పీ అంత కాదు. చివర్లో 4కేకి పెంచే పనికి సమయం పడుతుంది, స్క్రీన్ మీద గీతలు, మెనూలు, చివరి దశ ఎఫెక్టులు 4కేలోనే నడుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ. 8 జీబీ కార్డు మీద కొత్త ఆటలు 4కేలో, టెక్స్చర్లు హైలో పెడితే మెమరీ నిండిపోయి ఉన్నట్టుండి ఆట తడబడుతుంది. సగటు ఫ్రేములు చూస్తే బాగానే ఉంటాయి, ఆడుతుంటే తెలుస్తుంది ఆ నరకం.

పోనీ అన్నీ తగ్గించి ఆడతాం అనుకున్నా, రేపు వచ్చే కార్డు కోసం ఈరోజు నుంచే రాజీ పడటం ఎందుకు? 4కే తెరలు వెనక్కి వెళ్లవు, కార్డు మార్చేనాటికి ఇంకా మంచివి వస్తాయి.

---

పిక్సెల్_లెక్క

దానికి తోడు 60 సెంటీమీటర్ల బల్ల మీద 32 ఇంచ్ అంటే తెర వెడల్పు 71 సెంటీమీటర్లు. 65 సెంటీమీటర్ల నుంచి చూస్తే అడ్డంగా 57 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 27 అయితే 49, 24 అయితే 44. రేసింగ్ ఆటలకి, గుర్రాలకి ఆ 57 పండగలా ఉంటుంది. వాలరంట్‌లో మూలన ఉన్న మ్యాప్ చూడటానికి మెడ తిప్పాల్సి వస్తుంది. బల్ల 75, 80 సెంటీమీటర్ల లోతు ఉంటే నేను కూడా 32 గురించి ఆలోచించమనేవాడిని.

---

రాత్రిపూట_ఆట

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. కొలిపించాను, ఆట మధ్యలో 62 సెంటీమీటర్లు వచ్చింది, సీఎస్‌లో ఇంకా ముందుకి వంగుతానట, మా తమ్ముడు చెప్పాడు.

27 ఇంచ్ 1440పీ వైపు మొగ్గుతున్నా. కానీ కొన్ని అనుమానాలు. ఒకటి, షూటింగ్ ఆటల్లో ఫ్రేములు చాలకపోతే 27 మీద 1080పీకి దించుకుని ఆడొచ్చా? రెండు, వచ్చే ఏడాది పీఎస్5 కొనే ఆలోచన ఉంది, దానికి 1440పీ పనికొస్తుందా, 4కే ఉండాల్సిందేనా? మూడు, ప్యానెల్ రకం అంటూ ఐపీఎస్, వీఏ, ఓలెడ్ అని రాస్తున్నారు, వీటిలో ఏది? అల్ట్రావైడ్ గురించి కూడా ఒక్క ముక్క చెప్పండి, వీడియోల్లో చూస్తే నోరూరుతోంది.

---

తీగల_చిక్కు

పీఎస్5 సంగతి నేను చెప్తా. మొదట్లో అది 1440పీ ఇచ్చేది కాదు, 1440పీ మానిటర్‌కి పెడితే 1080పీయే వచ్చేది, జనం గొడవ గొడవ చేశాక 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌లో 1440పీ ఇచ్చారు. ఇప్పుడు ఇబ్బంది లేదు. పైగా పీఎస్5 ఎంతైనా 120 హెర్ట్జ్ దాటదు, కాబట్టి 180 మానిటర్ మీద కన్సోల్ 120 దగ్గరే ఆగుతుంది.

మెలిక ఎక్కడంటే వీఆర్ఆర్. ఫ్రేములు అటూ ఇటూ అయినప్పుడు తెర కూడా దానికి తగ్గట్టు వేగం మార్చుకోవడం. పీఎస్5లో అది పనిచేయాలంటే మానిటర్‌కి హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ ఉండాలి. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు మీద ఫ్రీసింక్ (ఇదే పని చేసే ఏఎండీ పద్ధతి) ఉన్నంత మాత్రాన పీఎస్5 పట్టించుకోదు, ఎక్స్‌బాక్స్ అయితే ఫ్రీసింక్‌ని కూడా వాడుకుంటుంది. డబ్బా మీద 2.1 అని రాసి ఉన్నా నమ్మకుండా స్పెసిఫికేషన్లలో వీఆర్ఆర్ అనే మాట విడిగా ఉందో లేదో చూడండి, ఎందుకంటే 2.1లోని చాలా ఫీచర్లు తప్పనిసరి కావు, ఒకటి రెండు పెట్టి కూడా 2.1 అని రాసేసుకోవచ్చు.

కంప్యూటర్‌కి మాత్రం డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. చాలా మానిటర్లలో హెచ్‌డీఎంఐ 2.0 మీద 1440పీకి 144 దగ్గరే ఆపేస్తారు, 180 రావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4. అది మీ కార్డుకీ ఉంది.

ఇంకో మాట, తెచ్చి తగిలించిన రోజే విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 180 ఎంచుకోండి. అది దానంతట అది మారకపోవచ్చు, 60 మీదే ఉండిపోతుంది. నెలల తరబడి 60లో ఆడుతూ, హై రిఫ్రెష్ అంతా మార్కెటింగ్ మాయ అని వాదించే మనుషులు ఉన్నారు లోకంలో.

---

హెడ్‌షాట్_ఒక్కటే

27 మీద 1080పీ పెట్టి ఆడొచ్చా అంటే, ఆడొచ్చు గానీ చూడబుద్ధి కాదు. ఒక పిక్సెల్‌ని 1.33 పిక్సెళ్ల మీద పరచాలి, ముక్కలు చేయలేం కాబట్టి పక్కవాటితో కలిపేస్తుంది. పెద్దతెర బ్రో చెప్పింది ఇక్కడ నిజమే.

దానికి బదులు రెండు దారులున్నాయి. ఒకటి, 1440పీలోనే ఉంచి ఆట లోపల సెట్టింగ్స్ అన్నీ లోలో పెట్టుకోవడం, ఈ రెండు ఆటలకీ ఎలాగూ అందరూ చేసేది అదే. రెండోది, డ్రైవర్‌లో స్కేలింగ్ వద్దని పెట్టి చుట్టూ నల్లటి అంచు వదిలేసి మధ్యలో ఆడటం. 1080పీని అలా ఉన్నదున్నట్టు పెడితే 27 తెర మధ్యలో 20 ఇంచుల బొమ్మ వస్తుంది, మరీ చిన్నది. కొన్ని 27 ఇంచ్ మోడళ్లలో మెనూలోనే 24.5 ఇంచ్ మోడ్ అని ఉంటుంది, అలాంటిది దొరికితే నా లాంటి వాళ్లకి కూడా ఇష్టమే.

సరే, పగలు కోడ్ రాస్తారు అన్నది నేను సరిగ్గా చదవలేదు అనుకోండి. 24 మీద రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకోవడం కష్టమే. కానీ హెర్ట్జ్ విషయంలో నా మాట నాదే.

---

నిదానంగా_ఆడతా

ప్యానెల్ గురించి. మీ వాడకానికి ఐపీఎస్. రంగులు నమ్మకంగా ఉంటాయి, పక్క నుంచి చూసినా మారవు, వేగం కూడా ఇప్పుడు సరిపోతుంది. లోటల్లా నలుపు నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది, కాంట్రాస్ట్ 1000కి 1 దగ్గర ఆడుతుంటుంది. లైట్లు ఆర్పి హారర్ ఆటలు ఆడే అలవాటుంటే అది తెలుస్తుంది.

వీఏలో కాంట్రాస్ట్ మూడు రెట్లు ఉంటుంది, రాత్రి సీన్లు చూస్తే కడుపు నిండుతుంది. కానీ చవక వీఏల్లో నలుపు నుంచి బూడిదకి మారడం నెమ్మది, చీకట్లో కెమెరా తిప్పితే వెనక నల్లటి చారలు ఈడ్చుకుంటూ వస్తాయి. సీఎస్‌లో చీకటి మూల నుంచి మనిషి వచ్చేటప్పుడు అదే ఎదురొస్తుంది. ఖరీదైన వాటిలో ఇది చాలావరకు తగ్గింది.

ఓలెడ్ ఆటకి రాజు, అందులో మాటే లేదు. నలుపంటే నలుపే, స్పందన వేగం మిగతావి దరిదాపుల్లోకి రావు. కానీ మీరు రోజంతా ఎడిటర్ తెరిచి పెడతారు. కదలని బొమ్మలు, కింద టాస్క్‌బార్, పక్కన ఫైళ్ల జాబితా, అవన్నీ ఏళ్ల మీద ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది. పైగా చాలా ఓలెడ్లలో సబ్‌పిక్సెళ్ల అమరిక మామూలు ఎర్ర, పచ్చ, నీలం వరుసలో ఉండదు, విండోస్ అక్షరాలు నునుపు చేసే పద్ధతేమో ఆ వరుసే ఉందనుకుని పనిచేస్తుంది, అందుకే అక్షరాల అంచుల్లో రంగులు కనిపిస్తాయి. 27 ఇంచ్ 1440పీ ఓలెడ్‌లో అది కొంచెం ఎక్కువే. ఆటకే వాడితే కళ్లు మూసుకుని తీసుకోమనేవాడిని.

---

పెద్దతెర_పిచ్చి

అల్ట్రావైడ్ అంటే సాధారణంగా 34 ఇంచ్, 3440 బై 1440. ఎత్తు మీ 27కి సమానం, అడ్డంగా మాత్రమే పెరుగుతుంది, పిక్సెల్ సాంద్రత కూడా దాదాపు అదే. పిక్సెళ్లు 49.5 లక్షలు, అంటే మామూలు 1440పీ కంటే మూడో వంతు ఎక్కువ బరువు. 4060కి అది ఇరుకవుతుంది. మీ ఎల్డెన్ రింగ్ అయితే అల్ట్రావైడ్‌ని పట్టించుకోదు, రెండు పక్కలా నల్లటి పట్టీలు వేసేస్తుంది. పీఎస్5 కూడా 16:9 మాత్రమే ఇస్తుంది. కోడ్‌కి మాత్రం స్వర్గం. నాకు ఇష్టమే గానీ మీ లిస్టు చూస్తే వద్దనే చెప్తా.

32 4కే గురించి మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు :)

---

రాత్రిపూట_ఆట

సరే, 27 ఇంచ్ 1440పీ ఐపీఎస్ 180 హెర్ట్జ్, హెచ్‌డీఎంఐ వీఆర్ఆర్ ఉన్నది చూసుకుంటా. అనుకున్నదానికంటే లిస్టు చిన్నదైపోయింది, హమ్మయ్య. పెద్దతెర అన్నా, బల్ల మార్చిన రోజు మీ దగ్గరికే వస్తా.

చివరగా ఒకటి, స్టాండ్ తీసేసి ఆర్మ్ (బల్లకి బిగించి మానిటర్‌ని మోసే చెయ్యి లాంటిది) పెట్టుకుంటే గోడ వైపు ఇంకొంచెం చోటు కలిసొస్తుందా? 27 మీద విండోస్ స్కేలింగ్ ఎంత పెట్టాలి?

---

తీగల_చిక్కు

స్కేలింగ్ 100 శాతమే పెట్టండి, 109 పీపీఐకి విండోస్ అలాగే సరిపోతుంది, 1440పీ 27లో ఉన్న పెద్ద సుఖం అదే. అక్షరాలు చిన్నవనిపిస్తే ఎడిటర్‌లో ఫాంట్ ఒక అంకె పెంచుకోండి, మొత్తం స్కేలింగ్ మార్చకండి, కొన్ని పాత ప్రోగ్రాములు మసకబారతాయి.

ఆర్మ్‌తో చోటు కలిసొస్తుంది, కానీ గోడకి ఆనుకుని బల్ల ఉందన్నారు, అక్కడే జాగ్రత్త. మడత ఆర్మ్‌ల మోచేయి తెర వెనక్కి పొడుచుకొస్తుంది. వెనక గోడ ఉంటే అది మడవలేక తెర ఉన్నచోటి కంటే ముందుకే వస్తుంది, డబ్బులు దండగ. మోచేయి పక్కకి తిరిగే రకమో, నిలువు కడ్డీ మీద నేరుగా బిగించే రకమో చూడండి. క్లాంప్ బిగించడానికి బల్ల వెనక అంచుకీ గోడకీ మధ్య కాస్త సందు కూడా కావాలి, ముందు అది కొలవండి.

మానిటర్ వెనక ఆర్మ్ బిగించడానికి 100 బై 100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలు ఉన్నాయో లేదో కొనేముందే చూడండి, చాలా గేమింగ్ మానిటర్లకి ఉంటాయి, కొన్ని చవక మోడళ్లలో ఎగ్గొడతారు. ఎత్తు విషయానికొస్తే తెర పై అంచు మీ కంటి ఎత్తులో గానీ కాస్త కిందకి గానీ ఉండాలి. ఎత్తు మార్చలేని స్టాండ్ వస్తే ఆర్మ్ తప్పదు.